మూడు చక్రాల రికంబెంట్‌ను రేసుకు సిద్ధం చేయడం ఎలా

ఇంజినీరింగ్ కాలేజీలో ఏడెనిమిది మంది కలిసి రికంబెంట్, అంటే వెనక్కు వాలి కూర్చుని మనిషి బలంతో తొక్కే రేసు బండి, కట్టాలని కూర్చున్న మొదటి సాయంత్రం, కాగితం మీద పడే బొమ్మ దాదాపు ఎప్పుడూ ఒకటే: చేప ఆకారంలో మెరిసిపోయే పైతొడుగు. దాని లోపల మనిషి ఎక్కడ కూర్చుంటాడో, మోకాలు ఎంత ఎత్తుకు లేస్తుందో, మలుపులో హ్యాండిల్ తొడకు తగులుతుందో లేదో ఆ బొమ్మలో కనిపించదు. ఈ వ్యాసంలో నేను చెప్పే క్రమం దానికి తలకిందులుగా ఉంటుంది. ముందు మనిషిని కొలవాలి, ఆ కొలతల చుట్టూ చక్రాలను నిలపాలి, చైను దారి తీర్చాలి, ఆ తరువాత బండిని పైతొడుగు లేకుండానే కొన్ని వారాల పాటు తొక్కాలి. పైతొడుగు సంగతి చివరికి, అదీ డబ్బూ రోజులూ మిగిలితేనే చూసుకోవాలి.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి ఉండే బండి. తోకకప్ప ఆకారాన్ని బట్టి దీన్ని టాడ్‌పోల్ ట్రైక్ అంటారు. రెండు చక్రాల రికంబెంట్ దీనికన్నా తేలిక, గాలిని కోయడంలోనూ మెరుగు. అయితే దానిమీద ఆగిన చోటి నుంచి తూలకుండా బయలుదేరడం నేర్చుకోవడానికే కొందరికి వారాలు పడుతుంది. నలుగురు వంతులవారీగా తొక్కే జట్టుకు, అందులోనూ మొదటిసారి పోటీకి వెళ్లే జట్టుకు, మూడు చక్రాలే నయమని నా అభిప్రాయం.

ఏ పోటీకి కడుతున్నారో ముందు తేల్చుకోండి

రికంబెంట్లకు వేరే పోటీలు ఎందుకు పుట్టాయో తెలిస్తే నియమాలు సులువుగా అర్థమవుతాయి. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి సైక్లిస్టు, షార్ల్ మోషే తయారు చేసిన వెలోకార్ అనే రికంబెంట్ మీద వెనక్కు వాలి కూర్చుని గంటలో 45.055 కి.మీ. తొక్కాడు, మామూలు సైకిల్ మీద 1914 నుంచి నిలిచి ఉన్న స్విస్ సైక్లిస్టు ఆస్కార్ ఎగ్ గంట రికార్డు దాంతో వెనుకబడింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీ సైకిలు ఎలా ఉండాలో నిర్వచిస్తూ ఈ రకం బండ్లను తన పోటీల నుంచి తప్పించింది. 1970లలో కాలిఫోర్నియాలో చెస్టర్ కైల్ వంటివారు ఆకారం మీద ఆంక్షలు లేని పోటీలు మొదలుపెట్టేదాకా ఈ బండ్లకు రేసుల్లో సరైన చోటు దక్కలేదు.

ఈ రకం పోటీలు ఒకదానికొకటి పొంతన లేనివి. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో బ్యాటిల్ మౌంటెన్ ఊరి బయట తిన్నటి రహదారి మీద కొన్ని కిలోమీటర్లు వేగం పెంచుకుంటూ వచ్చి, చివరి 200 మీటర్లలో ఎంత వేగం తీశారన్నదే కొలుస్తారు. 2016లో కెనడాకు చెందిన టాడ్ రైకర్ట్ ఈటా అనే బండిలో గంటకు 144.17 కి.మీ. వేగాన్ని అందుకున్నది అక్కడే. ఆ బండికి కిటికీ కూడా లేదు. లోపల పడుకున్న మనిషి కెమెరా చూపే తెరను చూస్తూ తొక్కుతాడు. దక్షిణ ఆస్ట్రేలియాలోని మర్రే బ్రిడ్జ్‌లో జరిగే పెడల్ ప్రిలో జట్లు వంతులు మార్చుకుంటూ 24 గంటలు తొక్కుతాయి. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘమైన ఏఎస్‌ఎంఈ విద్యార్థుల కోసం నడిపిన మానవశక్తి వాహన పోటీలో వేగంతో పాటు డిజైనుకూ మార్కులుండేవి. ఓర్పు పరుగులో వేగనిరోధకాలు, వెనక్కు తిరిగి వచ్చేంత ఇరుకైన హెయిర్‌పిన్ మలుపులు, మధ్యలో ఆగి ఒక పొట్లం ఎక్కించుకుని మళ్లీ బయలుదేరడం వంటివి ఉండేవి. మన కాలేజీ జట్లకు బాగా పరిచయమైన పద్ధతి ఈ చివరిదే కాబట్టి దీన్నే కొలబద్దగా తీసుకుందాం.

ఆ పోటీ తనిఖీలో చాలా ఏళ్లు అడిగిన అంకెలు ఇవి: గంటకు 25 కి.మీ. వేగం నుంచి 6 మీటర్లలో ఆగాలి, 8 మీటర్ల వ్యాసార్ధంలో తిరగాలి, గంటకు 5 నుంచి 8 కి.మీ. నెమ్మది వేగంలో 30 మీటర్లు తిన్నగా పోవాలి. నియమాలు ఏటా కొంత మారుతుంటాయి. అందుకని మీరు వెళ్లే ఏడాది నియమావళిని ప్రింటు తీసి, అందులోని ప్రతి అంకెనూ ఒక చార్టు మీద రాసి వర్క్‌షాప్ గోడకు అంటించండి. వెల్డింగ్ అయిపోయాక కనిపెట్టిన నియమానికి మందు గ్రైండరు ఒక్కటే.

మనిషిని కొలవడం

ఒక్క పైపు కూడా కోయకముందు నాలుగు ప్లైవుడ్ ముక్కలు, ఒక పాత ప్లాస్టిక్ కుర్చీ, ఏదైనా తుక్కు సైకిల్ నుంచి తీసిన క్రాంకు సెట్టు (పెడళ్లు బిగించే చేతులు, వాటి పళ్ల చక్రం) సంపాదించండి. కుర్చీ కాళ్లు కోసేసి, వీపు భాగం నేలతో 40 డిగ్రీల కోణంలో ఉండేలా చెక్క దిమ్మలు పెట్టి వాల్చండి. క్రాంకును ఒక పలకకు బిగించి, సీటు అడుగుభాగం కన్నా కాస్త ఎత్తులో ఉండేలా ఎదురుగా నిలపండి. ఇప్పుడు మీ జట్టులో అందరికన్నా పొడుగువాడిని అందులో కూర్చోబెట్టి, వీపు సీటుకు పూర్తిగా ఆనించమని చెప్పి, దూరపు పెడల్ మీద మడమ పెట్టించండి. నడుము పక్కకు జరగకుండా కాలు తిన్నగా చాచుకోగలిగితే దూరం సరిపోయినట్టు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీదకు వస్తుంది కనుక మోకాలు దానంతట అదే కొద్దిగా వంగుతుంది. ఇదే పని పొట్టివాడితోనూ చేసి రెండు దూరాల తేడాను రాసుకోండి.

ఆ తేడాయే మీ జట్టు అసలు తలనొప్పి. మామూలు సైకిల్‌లో సీటు పైకీ కిందకీ జరిపితే పని అయిపోతుంది. ఇక్కడ క్రాంకునైనా ముందుకు జరపాలి, సీటునైనా వెనక్కు జరపాలి. క్రాంకు ఉన్న బూమ్‌ను, అంటే ముందుకు చాచుకున్న గొట్టాన్ని, జరిపితే చైను పొడవు మారుతుంది, పోటీ మధ్యలో అది కుదిరే పని కాదు. కాబట్టి సీటును పట్టాల మీద జరిగేలా కట్టండి. పట్టాల మీద ఒక్కొక్కరి స్థానానికి ఒక్కో రంగు నెయిల్ పాలిష్ గీత పెట్టండి. పెన్ను గీతలు ఒక్క రోజు చెమటకే చెరిగిపోతాయి. తేడా 8 సెం.మీ. దాటితే రైడర్ల ఎంపికను మళ్లీ ఆలోచించుకోవడం మంచిది. సీటు జరిగినప్పుడల్లా బరువు కేంద్రం కూడా జరుగుతుందన్న సంగతి తరువాతి లెక్కలో పనికొస్తుంది.

ఆ కుర్చీలోనే ప్రతి రైడరు చేత పది నిమిషాలు ఉత్తుత్తి తొక్కుడు తొక్కించి, మోకాలు పైకి లేచే గరిష్ఠ ఎత్తును, పాదం వేళ్లు చేరే ముందంచును, భుజాల వెడల్పును, హెల్మెట్ పై అంచును పక్క గోడమీద సుద్దతో గుర్తించండి. ముందు ముందు పైతొడుగు కట్టాలనుకుంటే దానికి కావలసిన కొలతలన్నీ ఆ గోడమీద సిద్ధంగా ఉంటాయి.

చక్రాలు ఎక్కడ నిలపాలి

మూడు చక్రాలు ఉన్నాయి కదా, పడదులే అన్న ధీమాతోనే చాలా బండ్లు మొదటి మలుపులో పల్టీ కొడతాయి. ఎప్పుడు పడుతుందో ముందే లెక్కకట్టవచ్చు. ముందు చక్రాల మధ్య వెడల్పు 80 సెం.మీ., ముందు ఇరుసు నుంచి వెనుక ఇరుసుకు 110 సెం.మీ. అనుకుందాం. మనిషితో కలిపి బరువు కేంద్రం ముందు ఇరుసుకు 33 సెం.మీ. వెనుకగా, నేలకు 45 సెం.మీ. ఎత్తులో ఉందనుకుందాం. బండి పల్టీ కొట్టేటప్పుడు బయటి ముందు చక్రాన్నీ వెనుక చక్రాన్నీ కలిపే గీత మీదుగా దొర్లుతుంది. బరువు కేంద్రం ఉన్నచోట నడిమధ్య నుంచి ఆ గీతకు పక్కగా ఉన్న దూరం 40 సెం.మీ.లో 70 శాతం, అంటే 28 సెం.మీ. ఆ 28ని ఎత్తు 45తో భాగిస్తే 0.62 వస్తుంది. పక్కకు నెట్టే త్వరణం గురుత్వంలో 0.62 వంతు దాటగానే లోపలి చక్రం లేస్తుందన్నమాట. 8 మీటర్ల వ్యాసార్ధపు మలుపులో అది గంటకు సుమారు 25 కి.మీ. వేగం.

ఇప్పుడు అదే బండిలో సీటును వెనక్కు నెట్టి బరువు కేంద్రాన్ని రెండు ఇరుసులకు సరిగ్గా మధ్యలోకి తెచ్చామనుకోండి. పక్క దూరం 20 సెం.మీ.కి పడిపోతుంది, లెక్క 0.44కు దిగుతుంది, అదే మలుపులో 21 దగ్గరే చక్రం లేస్తుంది. అలాకాక బరువు కేంద్రాన్ని పాత చోటే ఉంచి ఎత్తును 35 సెం.మీ.కి దించితే 28 దాటేదాకా బండి నిలుస్తుంది. మనిషి వీపు వాలును 45 డిగ్రీల నుంచి 35కు తగ్గించడం, సీటు అడుగును రెండు వేళ్లు కిందకు దించడం వంటి చిన్న మార్పుల విలువ ఇక్కడ కనబడుతుంది.

అలాగని బరువంతా ముందుకు తోసేయకూడదు. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు వెనుక చక్రం లేచే హద్దు, ముందు ఇరుసు నుంచి బరువు కేంద్రానికి ఉన్న దూరాన్ని ఎత్తుతో భాగిస్తే వస్తుంది. మన ఉదాహరణలో 33ను 45తో భాగిస్తే 0.73. తనిఖీలో అడిగే ఆపుదలకు, అంటే 25 నుంచి 6 మీటర్లలో ఆగడానికి, 0.41 చాలు. అందుచేత ఈ కొలతల్లో బోలెడు వెసులుబాటు ఉంది. పొట్టి రైడరు సీటును ముందుకు జరుపుకున్నప్పుడు ఆ వెసులుబాటు ఎంత మిగిలిందో మాత్రం మళ్లీ లెక్క చూసుకోండి.

బరువు కేంద్రాన్ని కనుక్కోవడానికి ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కరలేదు. రైడరును కూర్చోబెట్టి వెనుక చక్రం కింద ఇంట్లో వాడే తూకం యంత్రం, ముందు చక్రాల కింద అదే మందం దిమ్మలు పెట్టండి. వెనుక చక్రం మీద పడిన బరువు మొత్తం బరువులో ఎన్నో వంతో, బరువు కేంద్రం ముందు ఇరుసు నుంచి ఇరుసుల మధ్య దూరంలో అన్నో వంతులో ఉంటుంది.

స్టీరింగు, అందులో ఒక సాయంత్రం

మలుపులో ముందు చక్రం ఏ నిలువు కడ్డీ చుట్టూ తిరుగుతుందో దాన్ని కింగ్‌పిన్ అంటారు. ముందునుంచి చూసినప్పుడు దాని గీతను కిందకు పొడిగిస్తే అది టైరు నేలను తాకేచోట మధ్యలో కలవాలి. కలవకపోతే ఒక చక్రానికి బ్రేకు ఎక్కువ పట్టినప్పుడల్లా హ్యాండిల్ ఆ వైపుకు గుంజుతుంది. కింగ్‌పిన్ పైభాగం వెనక్కు 12 డిగ్రీల దాకా వాలి ఉంటే వదిలేసిన హ్యాండిల్ తనంతట తానే తిన్నగా వస్తుంది. ఇక మలుపులో లోపలి చక్రం బయటిదానికన్నా ఎక్కువ తిరగాలి. పైనుంచి చూసినప్పుడు కింగ్‌పిన్ నుంచి స్టీరింగు చేతికి (చక్రాన్ని తిప్పే చిన్న కమ్మీకి) ఉన్న రంధ్రం మీదుగా గీసిన రెండు గీతలూ వెనుక ఇరుసు మధ్యలో కలిసేలా ఆ చేతులను వంచి వెల్డ్ చేస్తే ఇది చాలామటుకు సరిపోతుంది. రెండు వైపుల నకిల్స్‌నూ (కింగ్‌పిన్‌నూ చక్రం ఇరుసునూ కలిపే ముక్కలను) ఒకే జిగ్గులో, అంటే ముక్కలను కదలకుండా పట్టే చట్రంలో, ఒకే రోజు చుక్కల వెల్డింగ్‌తో ట్యాకులు వేయండి. మేము మా మొదటి బండికి ఎడమది వెల్డ్ చేసి పండగ సెలవులకు ఊరెళ్లి, కుడిది వచ్చాక చేశాము. రెండింటికీ ఒకటిన్నర డిగ్రీ తేడా వచ్చింది.

టో-ఇన్, అంటే ముందు చక్రాలు రెండూ ముందువైపు కాస్త దగ్గరగా ఉండటం, సరిచూడటం మాత్రం ఓపికగా చేయవలసిన పని. ముందుగా రైడరును సీట్లో కూర్చోబెట్టండి, ఎందుకంటే మనిషి బరువుకు ఫ్రేము కొద్దిగా వంగి చక్రాల దిశ మారుతుంది. టైరు మధ్య రబ్బరు మీద సుద్ద రుద్ది, చక్రాన్ని తిప్పుతూ ఒక మేకును కదలకుండా ఆనించి సన్నని గీత గీయండి. టైరు వంకర తిరిగినా ఈ గీత నిజం చెబుతుంది. రెండో చక్రానికీ అలాగే. ఇప్పుడు హబ్బు ఎత్తులో రెండు గీతల మధ్య దూరాన్ని ముందువైపు ఒకసారి, వెనుకవైపు ఒకసారి టేపుతో కొలవండి. టేపును ఇద్దరు చెరోవైపు పట్టుకోవాలి, ఒక్కరితో అయ్యే పని కాదు. ముందు దూరం వెనుక దూరం కన్నా 1 నుంచి 2 మి.మీ. తక్కువ ఉండాలి. తేడా ఎక్కువుంటే రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ లాక్ నట్టు వదులు చేసి, రాడ్డును అరచుట్టు తిప్పి, బండిని రెండు మీటర్లు ముందుకు నడిపించి మళ్లీ కొలవండి. రాడ్డుకు ఒకవైపు కుడి మర, మరోవైపు ఎడమ మర ఉన్న రాడ్ ఎండ్‌లు (కొనల్లో తిరిగే కీళ్లు) వేసి ఉంటేనే ఈ సులువు దక్కుతుంది.

మా బండికి మొదట్లో ఈ తేడా 9 మి.మీ. ఉండేది. 50 సెం.మీ. చక్రానికి అది ఒక డిగ్రీ మాత్రమే, కంటికి ఆనదు. అయితే లెక్కేస్తే ఒక్కో టైరు ప్రతి కిలోమీటరుకూ 9 మీటర్ల మేర పక్కకు ఈడ్చుకుపోతున్నట్టే. కొత్త టైర్లలో దారాలు బయటపడేదాకా మాకు సంగతి తెలియలేదు. కాళ్లలో బలం లేదని రైడర్లను తిట్టుకుంటూ గడిపాము.

టైర్ల విషయంలో ఇంకో మాట. 20 అంగుళాలని పిలిచే చక్రాల్లోనే రెండు కొలతలున్నాయి: రిమ్ము వ్యాసం 406 మి.మీ. ఉన్నది ఒకటి, 451 ఉన్నది మరొకటి. పిల్లల సైకిళ్లకు సాధారణంగా వచ్చేది 406. టైరు పక్కన ఉండే జంట అంకెల్లో రెండోది చూసి కొనండి. ముందు చక్రాలకు ఇరుసు ఒకవైపే పట్టు కలిగి ఉంటుంది, పైగా మలుపుల్లో పక్క బరువు నేరుగా స్పోకుల మీద పడుతుంది. అందుకని 36 స్పోకుల రిమ్ములు వేసి, అనుభవమున్న సైకిల్ మెకానిక్ చేతనే వాటిని బిగించుకోవడం మంచిది.

చైను, గేర్లు

ఈ బండికి చైను దాదాపు మూడు మామూలు సైకిల్ చైన్లంత పొడవు పడుతుంది. క్రాంకు నుంచి వెనుక చక్రం దాకా అది సీటు కింద నుంచి పోవాలి కనుక దారి మధ్యలో ఒక ఐడ్లర్ చక్రం దాన్ని వంచుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. రైడరు 170 మి.మీ. క్రాంకు మీద 40 కిలోల బరువుతో తొక్కితే, ముందు 34 పళ్ల చక్రం ఉన్నప్పుడు చైనులో లాగుడు దాదాపు వంద కిలోలకు సమానం. ఆ చైనును ఐడ్లర్ 20 డిగ్రీలు వంచితే దాని బోల్టు మీద సుమారు 35 కిలోల ఒత్తిడి, తొక్కిన ప్రతిసారీ కొట్టినట్టు పడుతుంది. ఒకవైపే పట్టిన 6 మి.మీ. బోల్టు దీనికి వంగిపోతుంది. రెండు పలకల మధ్య 8 మి.మీ. బోల్టు వేసి, బేరింగులున్న పళ్ల ఐడ్లర్ పెట్టండి. వంపు వీలైనంత తక్కువ ఉండేలా చూడండి. తిరిగి వచ్చే వదులు చైనుకు గట్టి ప్లాస్టిక్ గొట్టం చాలు. దాని రెండు కొనలనూ వేడిచేసి బూరలా విప్పితే చైను లింకులు అంచుకు తగిలి చిక్కుకోవు.

గేర్లను వెనుక చక్రం కొలతను బట్టి ఎంచుకోండి. ముందు 52, వెనుక 13 పళ్లతో నిమిషానికి 90 చుట్లు తొక్కితే 26 అంగుళాల వెనుక చక్రం గంటకు 44 కి.మీ. దగ్గరకు తీసుకెళ్తుంది; 20 అంగుళాల చక్రం అదే తొక్కుడుకు 32 దగ్గరే ఆగిపోతుంది. హెయిర్‌పిన్ దాటి తేలికగా బయలుదేరడానికి, ముందూ వెనుకా పళ్లు దాదాపు సమానంగా ఉండే ఒక చిన్న గేరు తప్పనిసరి.

రక్షణ కమ్మీ, బెల్టు, బ్రేకులు

రైడరు తలపై నుంచి వంగి వచ్చే రక్షణ కమ్మీకి ఏఎస్‌ఎంఈ నియమాల్లో రెండు పరీక్షలు ఉండేవి: పైనుంచి, నిలువుకు 12 డిగ్రీలు వెనక్కు వాలిన దిశలో 2,670 న్యూటన్లు, భుజం ఎత్తులో పక్కనుంచి 1,330 న్యూటన్లు. మొదటిదానికి 5.1 సెం.మీ. కన్నా, రెండోదానికి 3.8 సెం.మీ. కన్నా ఎక్కువ వంగకూడదు. మొదటిది 272 కిలోలకు సమానం, అంటే అయిదున్నర సిమెంటు బస్తాలు. కంప్యూటరులో వచ్చిన రంగుల బొమ్మను నమ్మి ఊరుకోకుండా, మీ ల్యాబులోని పరీక్ష యంత్రం మీద గానీ జాకీతో గానీ నిజంగా ఒత్తి చూడండి. వెల్డింగ్‌లోని లోపం బొమ్మలో కనిపించదు. భుజాల బెల్టును సీటుకు కాకుండా ఈ కమ్మీకే కట్టాలి. సీటు ఊడివస్తే బెల్టు వల్ల ప్రయోజనం ఉండదు.

బ్రేకుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ముందు రెండు చక్రాలకూ డిస్కులు వేసి, ఒకే మీట రెండింటినీ సమానంగా లాగేలా కేబుళ్లు కట్టండి. కొత్త ప్యాడ్లు మొదట సరిగా పట్టవు, తనిఖీకి ముందే ఇరవై ముప్ఫై సార్లు ఆపి అరగదీయండి.

పైతొడుగు లేకుండా తొక్కడం

బండి కదలడం మొదలైన రోజు నుంచి పోటీ రోజుకు కనీసం ఆరు వారాలు ఉండాలి. వాలి కూర్చుని తొక్కడానికి తొడ కండరాలు వేరే విధంగా పనిచేస్తాయి; ఏళ్లుగా సైకిల్ తొక్కినవారు కూడా మొదటి వారం తమ వేగం చూసి నిరాశపడతారు. పెడల్ మీద లేచి నిలబడే వీలు లేదు కనుక, పెద్ద గేరులో వీపును సీటుకు ఆనించి బలంగా తన్నాలనిపిస్తుంది. మోకాళ్లు దెబ్బతినేది అప్పుడే. నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తేలిగ్గా తిప్పడం అలవాటు చేసుకోండి. పాదాన్ని పెడల్‌కు పట్టి ఉంచే బూట్లు గానీ మడమ పట్టీలు గానీ లేకుండా ఎవరినీ ఎక్కనీయకండి. వేగంలో పాదం జారి నేలకు తగిలితే కాలు ఫ్రేము కిందకు లాక్కుపోతుంది, చీలమండ విరిగే ప్రమాదం ఉంది.

మొదటి రెండు వారాలు కాలేజీ మైదానం దాటకండి. సీట్లో మీ తల లారీ బంపరు ఎత్తులో ఉంటుంది, డ్రైవరుకు మీరు కనిపించరు. రోడ్డెక్కక తప్పదనుకున్న రోజు పొడుగాటి కర్రకు జెండా, రెండువైపులా అద్దాలు ఉండాలి. హైదరాబాదు వారికి బాహ్యవలయ రహదారి పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సోలార్ కప్పు సైకిల్ దారి ఉంది. మూడు చక్రాల బండిని అక్కడ అనుమతిస్తారో లేదో ముందుగా అడిగి, జనం లేని తెల్లవారుజామున వెళ్లండి. మైదానంలో మాత్రం శంకువులు పెట్టి 8 మీటర్ల మలుపును రోజూ తిరగండి. లోపలి చక్రం లేవబోతున్న క్షణాన్ని ప్రతి రైడరూ నెమ్మది వేగాల నుంచి మెల్లగా పెంచుకుంటూ ఒంటితో గుర్తుపట్టాలి. లోపలి వైపుకు భుజాలు వంచితే ఎంత తేడా వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

ఎండను కూడా సాధనలో భాగం చేసుకోండి. ఉదయం ఆరింటికే తొక్కి అలవాటైన జట్టు, మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే పరుగులో అరగంటకే వాడిపోతుంది. సీటు వెనుక నీళ్ల సంచి వేలాడదీసి దాని గొట్టాన్ని భుజం మీదుగా తెచ్చుకుంటే ఆగకుండా తాగవచ్చు.

ఇప్పుడు పైతొడుగు

దీన్ని ఎందుకు చివరికి నెట్టానో అంకెల్లో చెబుతాను. గాలిని తట్టుకోవడానికి పట్టే శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. నిటారుగా కూర్చునే సైకిల్‌కు గాలి తట్టే విలువ (ఎదుటి విస్తీర్ణాన్నీ ఆకారాన్నీ కలిపి చూపే అంకె) సుమారు 0.32, వాలి కూర్చునే తక్కువ ఎత్తు సైకిల్‌కు సుమారు 0.20 చదరపు మీటర్లు అనుకుంటే, గంటకు 40 కి.మీ. దగ్గర మొదటిదానికి 263 వాట్లు, రెండోదానికి 165 వాట్లు గాలికే పోతాయి. దాదాపు వంద వాట్ల తేడా, చాలా పెద్దది. గంటకు 20 కి.మీ. దగ్గర మాత్రం అవే విలువలు 33, 21 వాట్లు. అడుగడుగునా మలుపులూ ఆగుళ్లూ ఉన్న పరుగులో బండి ఎక్కువసేపు గడిపేది ఈ రెండో వేగానికి దగ్గరగానే. పైగా వంద కిలోల మొత్తాన్ని మలుపు దాటాక 10 నుంచి 30కి తేవడానికి 3,100 జౌళ్లు కావాలి. 200 వాట్లు ఇచ్చే కాలికి అది పదిహేను సెకన్ల పని, అదీ గాలినీ టైర్లనూ లెక్కలో వేయకుండా. పైతొడుగు పేరుతో ఎక్కించిన ప్రతి కిలో ఆ పదిహేను సెకన్లను ప్రతి మలుపులోనూ పొడిగిస్తుంది.

అయినా పైతొడుగుకు మార్కులున్నాయి, వేగపు పరుగులో లాభమూ ఉంది. కాబట్టి ముందువైపు ముక్కుతో మొదలుపెట్టండి. ప్రకటన బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటు తేలిక, చవక, కత్తెరతో తెగుతుంది. వంచవలసిన చోట ఒక పొరను మాత్రమే బ్లేడుతో కోస్తే చక్కగా మడత పడుతుంది. గోడమీద సుద్దతో గుర్తించిన మోకాలు, పాదం గీతలకు ప్రతి వైపూ నాలుగు వేళ్ల సందు వదిలి ఆకారం కట్టండి. ముక్కు కొనలో పిడికిలి పట్టేంత గాలి రంధ్రం, తల వెనుక దానికన్నా పెద్ద దారి ఉంచండి. పక్కనుంచి గాలి వీచే రోజున ఒకసారి తప్పక తొక్కి చూడండి. రైడరు ఎవరి సాయమూ లేకుండా బెల్టు విప్పుకుని కొన్ని సెకన్లలో బయటకు రాలేకపోతే, ఎంత అందంగా ఉన్నా ఆ తొడుగును కోసేయవలసిందే.

పోటీ రోజు

ముందురోజు రాత్రి ప్రతి బోల్టూ బిగించి, బోల్టు తల నుంచి ఫ్రేము మీదకు ఒక సన్నని రంగు గీత గీయండి. ఉదయం గీత విరిగి కనిపించిన చోట బోల్టు వదులైందని చూడగానే తెలుస్తుంది, మళ్లీ పానాలు పట్టుకుని అన్నీ తిప్పనక్కరలేదు. కంపించే చోట్ల నైలాక్ నట్లే, అంటే లోపలి నైలాన్ వలయం వల్ల వదులు కానివే, వేయండి. పిట్‌లో, అంటే పోటీ దారి పక్కన జట్టు ఉండే చోట, ముందు చక్రాలకు రెండు, వెనుక చక్రానికి రెండు ట్యూబులు, చైను లింకులు, ఒక కేబుల్, పంపు, ఆలెన్ కీలు, పాత గుడ్డ ఉంటే సగం రిపేర్లు అయిపోతాయి. అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బాను పనిముట్ల పెట్టెలో పెట్టకండి. గ్రీజు వాసన వేసిన పులిహోర మేము తిన్నాము.

రైడరు మార్పును కూడా ముందే సాధన చేసి ఉండాలి. మేము మొదటిసారి చేసినప్పుడు రెండు నిమిషాలు దాటింది. దిగేవాడు బెల్టు వదిలి ఎడమవైపుకు, ఎక్కేవాడు కుడివైపు నుంచి, మూడోవాడు సీటును రంగు గీతకు జరిపి పిన్ను వేయడం, నాలుగోవాడు నీళ్ల సంచి మార్చడం అని ఎవరి పని వారికి పంచుకుని ముప్ఫైసార్లు చేశాక నలభై సెకన్లకు దిగింది. ఎక్కినవాడు బయలుదేరే ముందు నోటితో మూడు మాటలు పైకి చెప్పాలి: బెల్టు, పిన్ను, బ్రేకు. మూడోవాడు మూడింటినీ చేత్తో తాకి చూసి వీపు మీద తట్టాకే బండి కదలాలి. పొట్లం ఎక్కించుకునే చోట ఆగేముందు చిన్న గేరులోకి మార్చుకోవడం మరిచిపోవద్దని పిట్ బోర్డు మీద రాసి ప్రతి చుట్టూ చూపించండి. ఆగిన బండిలో గేరు మారదు, పెద్ద గేరులో ఇరుక్కున్న రైడరును వెనుక నుంచి తోయడానికి నియమాలు ఒప్పుకోవు.